ఈఎస్‌పీ32 ఫర్మ్‌వేర్‌కు కమాండ్ లైన్: ఆర్డుయినో సీఎల్ఐ, ప్లాట్‌ఫామ్‌ఐఓ, ఐడీఎఫ్, జెఫిర్‌లలో ఏది ఎవరికి?

ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ చిప్) బోర్డు మీద ఎల్‌ఈడీ వెలిగించాలంటే ఏ టూల్ వాడినా వెలుగుతుంది. టూల్స్ మధ్య తేడా ఆ రోజు తెలియదు. ఏడాది తర్వాత లాప్‌టాప్ మారినప్పుడో, టీమ్‌లోకి కొత్తవాళ్లు వచ్చినప్పుడో, ఎక్కడో పొలంలో నడుస్తున్న డివైజ్‌లో చిన్న బగ్ సరిచేయాల్సి వచ్చినప్పుడో తెలుస్తుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, అయినా బిల్డ్ కాదు, అంటే బోర్డులోకి ఎక్కించే ఫర్మ్‌వేర్‌గా మారదు.

దీనికి మంచి ఉదాహరణ 2024లో వచ్చింది. ఈఎస్‌పీ32 ఆర్డుయినో కోర్ (ఆ చిప్ మీద ఆర్డుయినో కోడ్ నడిపించే ప్యాకేజీ) 2 నుంచి 3కి మారినప్పుడు పీడబ్ల్యూఎం (పల్స్‌లతో పవర్ తగ్గించి పెంచే పద్ధతి) ఫంక్షన్ల పేర్లే మారిపోయాయి. అప్పటిదాకా మోటారు స్పీడుకో, ఎల్‌ఈడీ వెలుగు తగ్గించడానికో అందరూ వాడిన 'లెడ్‌సీ సెటప్', 'లెడ్‌సీ అటాచ్ పిన్' రెండూ పోయి, వాటి స్థానంలో 'లెడ్‌సీ అటాచ్' ఒక్కటే వచ్చింది. టైమర్ ఫంక్షన్లూ మారాయి. కోర్ అప్‌డేట్ చేసినవాళ్ల పాత స్కెచ్‌లు (ఆర్డుయినో ప్రోగ్రాములు) ఎర్రర్లతో నిండిపోయాయి. వెర్షన్‌ను ప్రాజెక్టులో రాసిపెట్టుకున్నవాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. వాళ్లు తీరిక చూసుకుని మారారు.

అందుకే టూల్ ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసేది ఒక్కటే: నా ప్రాజెక్టు వాడే ప్రతి ప్యాకేజీ వెర్షన్ ఎక్కడ రాసి ఉంటుంది? ప్రాజెక్టు ఫోల్డర్‌లోనా, లేక నా కంప్యూటర్‌లో ఏదో మూలనా? బిల్డ్ ఎంత వేగంగా అవుతుంది, కమాండ్ ఎంత చిన్నది అనేవి ఆ తర్వాతి సంగతి.

ఒక చిన్న వివరం: కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాశాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

## ముందు ఏం చూడాలి

వెర్షన్ పట్టు. ఇందులో మూడు పొరలుంటాయి. మొదటిది మీరు నేరుగా తెచ్చుకున్న లైబ్రరీ. రెండోది ఆ లైబ్రరీ తన కోసం తెచ్చుకున్న ఇంకో లైబ్రరీ. మూడోది అన్నిటికీ అడుగున ఉన్న కంపైలర్, చిప్ ఎస్‌డీకే (చిప్ కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ కిట్). చాలామంది మొదటి పొర రాసి ఊరుకుంటారు. ఇబ్బంది పెట్టేవి ఎక్కువగా కింది రెండు పొరలే.

మీ టూల్ పట్టు ఎంతో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ప్రాజెక్టును గిట్‌లో పెట్టి, మీరెప్పుడూ ముట్టుకోని కంప్యూటర్‌లోకి క్లోన్ చేసి, ఒకే కమాండ్‌తో బిల్డ్ చేయండి. అక్కడ మీరు చేత్తో ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చిన ప్రతి వస్తువూ ప్రాజెక్టులో రాయడం మరిచిపోయినదే.

మెషీన్ మీద భారం. డిస్క్, ఇంటర్నెట్, అడ్మిన్ హక్కులు. కాలేజీ ల్యాబ్‌లో ముప్పై మెషీన్లకు పెట్టేవారికి ఇదే అసలు పరీక్ష. ఇంట్లో సొంత లాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లకు అంత పట్టింపు ఉండదు.

చిప్ లోతు. సెక్యూర్ బూట్, ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్, పవర్ సేవింగ్, పార్టిషన్ టేబుల్ లాంటివి మీ చేతికి ఎంతవరకు అందుతాయి?

చిప్ మారే స్వేచ్ఛ. ఇవాళ ఎస్ప్రెసిఫ్ (ఈఎస్‌పీ32 తయారుచేసే కంపెనీ) చిప్, రేపు నార్డిక్ లేదా ఎస్‌టీఎం32. కోడ్ ఎంత మిగులుతుంది, ఎంత తిరగరాయాలి?

టెస్టింగ్, సర్వర్ మీద ఆటోమేటిక్ బిల్డ్ కూడా ముఖ్యమే. కానీ ఈ నాలుగు టూల్సూ టెర్మినల్‌లో నడిచేవే కాబట్టి ఆటోమేటిక్ బిల్డ్ విషయంలో ఏదీ మిమ్మల్ని ఆపదు. టెస్టింగ్‌లో తేడాలున్నాయి, సందర్భం వచ్చినప్పుడు చెప్తాను.

| చూసే అంశం | ఆర్డుయినో సీఎల్ఐ | ప్లాట్‌ఫామ్‌ఐఓ | ఈఎస్‌పీ-ఐడీఎఫ్ | జెఫిర్, వెస్ట్ |
|---|---|---|---|---|
| వెర్షన్లు రాసే చోటు | స్కెచ్ డాట్ యామల్ (రాస్తేనే) | ప్లాట్‌ఫామ్‌ఐఓ డాట్ ఐఎన్ఐ | కాంపొనెంట్ యామల్, లాక్ ఫైల్. ఎస్‌డీకే మాత్రం విడిగా | వెస్ట్ డాట్ యామల్ |
| లోపలి డిపెండెన్సీల పట్టు | ప్రొఫైల్‌లో రాస్తే గట్టిది | మధ్యస్తం | కాంపొనెంట్లకు గట్టిది | చాలా గట్టిది |
| ఇన్‌స్టాల్ | ఒక్క ఫైలు | పైథాన్ కావాలి | గిట్, పైథాన్, టూల్స్ స్క్రిప్ట్ | గిట్, పైథాన్, విడిగా ఎస్‌డీకే |
| డిస్క్ | బోర్డును బట్టి | బోర్డును బట్టి | కొన్ని జీబీలు | అన్నిటికన్నా ఎక్కువ |
| చిప్ లోతు | తక్కువ | ఫ్రేమ్‌వర్క్‌ను బట్టి | పూర్తిగా | ఎక్కువ |
| వేరే కంపెనీ చిప్‌లు | చాలా | చాలా | లేవు | చాలా |
| తనలోనే టెస్టింగ్ | లేదు | ఉంది | ఉంది | ఉంది |
| నేర్చుకునే బరువు | తేలిక | తేలిక నుంచి మధ్యస్తం | మధ్యస్తం | బరువు |

పట్టికలో 'మధ్యస్తం' అన్నచోట, 'రాస్తేనే' అన్నచోట అసలు కథ ఉంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

## ఆర్డుయినో సీఎల్ఐ

గో భాషలో రాసిన ఒకే ఒక్క ఫైలు ఇది. డౌన్‌లోడ్ చేసి ఏదో ఫోల్డర్‌లో పెట్టి పాత్‌లో చేరిస్తే చాలు. పైథాన్ అక్కర్లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఆర్డుయినో ఐడీఈ 2 లోపల పనిచేసేది కూడా ఇదే. కాబట్టి ఐడీఈలో బిల్డ్ అయ్యే స్కెచ్ ఇక్కడా బిల్డ్ అవుతుంది. 2024లో ఇది 1.0కి చేరింది.

పని క్రమం ఇలా: 'ఆర్డుయినో-సీఎల్ఐ కోర్ అప్‌డేట్-ఇండెక్స్' కొట్టి, తర్వాత 'కోర్ ఇన్‌స్టాల్'తో బోర్డు కుటుంబాన్ని తెచ్చుకోవాలి. ఊనోకైతే ఆర్డుయినో ఏవీఆర్, ఈఎస్‌పీ32కైతే ఎస్ప్రెసిఫ్ ఇచ్చే కోర్. 'బోర్డ్ లిస్ట్' ఏ పోర్టులో ఏ బోర్డు ఉందో చూపిస్తుంది. 'కంపైల్', 'అప్‌లోడ్', 'మానిటర్' పేరుకు తగ్గట్టే పనిచేస్తాయి. ఫలితాన్ని జేసన్ రూపంలో ఇవ్వమని అడగొచ్చు, అది స్క్రిప్టులు రాసేవారికి పెద్ద సౌకర్యం.

వెర్షన్ సంగతికి వస్తే, దీన్ని రెండు రకాలుగా వాడొచ్చు. ఎక్కువమంది వాడే మొదటి పద్ధతిలో కోర్‌లు, లైబ్రరీలు అన్నీ మీ హోమ్ ఫోల్డర్‌లో ఒకే చోట ఉంటాయి, అన్ని ప్రాజెక్టులూ వాటినే పంచుకుంటాయి. ఒక ప్రాజెక్టు కోసం కోర్ 3 తెచ్చుకుంటే, కోర్ 2 మీద నడిచే ఇంకో ప్రాజెక్టు ఆ క్షణమే చెడుతుంది. ఈ పద్ధతిలో 'ఆర్డుయినో-సీఎల్ఐ అప్‌గ్రేడ్' అనే కమాండ్ జోలికి వెళ్లకండి. అది అన్ని కోర్‌లనూ, అన్ని లైబ్రరీలనూ ఒకేసారి కొత్త వెర్షన్‌కు మార్చేస్తుంది.

రెండోది ప్రొఫైల్ పద్ధతి. స్కెచ్ పక్కన స్కెచ్ డాట్ యామల్ అనే ఫైలు పెట్టి, బోర్డు, కోర్ వెర్షన్, ప్రతి లైబ్రరీ వెర్షన్ అందులో రాస్తారు. అప్పుడు సీఎల్ఐ ఆ వెర్షన్లను విడిగా తెచ్చి, మిగతా వాటితో కలవకుండా ఉంచి బిల్డ్ చేస్తుంది. గ్లోబల్‌గా మీరు ఏం ఇన్‌స్టాల్ చేశారో పట్టించుకోదు. ఆ ఫైలును చేత్తో రాయాల్సిన పని కూడా లేదు. ఒకసారి మామూలుగా కంపైల్ చేసేటప్పుడు 'డంప్-ప్రొఫైల్' ఆప్షన్ ఇస్తే, ఆ బిల్డ్‌లో వాడిన వెర్షన్లన్నీ ప్రొఫైల్ రూపంలో ప్రింట్ చేస్తుంది. కాపీ చేసుకోవడమే. ఇంత మంచి సౌకర్యం గురించి ఆర్డుయినో ట్యుటోరియల్స్‌లో ఎక్కడో గానీ చెప్పరు. సీఎల్ఐ వాడదామనుకుంటే మొదటి రోజు నుంచే ప్రొఫైల్‌తో వాడండి. ప్రొఫైల్ లేకపోతే ఐడీఈకీ దీనికీ ఫలితంలో పెద్ద తేడా ఉండదు.

లోటు ఎక్కడంటే, ఈఎస్‌పీ32 ఆర్డుయినో కోర్‌లో అడుగున ఉండే ఐడీఎఫ్ ముందే కంపైల్ చేసిన లైబ్రరీల రూపంలో వస్తుంది. అందులోని సెట్టింగులు మార్చడం తేలిక కాదు. సొంతంగా టెస్టులు నడిపే ఏర్పాటు కూడా ఇందులో లేదు. గిట్ లింకు నుంచి నేరుగా లైబ్రరీ తెచ్చుకోవాలంటే, కాన్ఫిగ్‌లో 'అన్‌సేఫ్ ఇన్‌స్టాల్'ను మీరే ఆన్ చేయాలి.

## ప్లాట్‌ఫామ్‌ఐఓ

2014 నుంచి ఉన్న టూల్. వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్‌గా చాలామందికి తెలుసు గానీ, దాని ప్రాణం 'పీఐఓ' అనే కమాండే. ఎడిటర్ లేకుండా కూడా పూర్తిగా నడుస్తుంది. వెయ్యికి పైగా బోర్డుల వివరాలు ఇందులో ఉన్నాయి.

నేను దీన్ని ఇష్టపడటానికి కారణం ప్లాట్‌ఫామ్‌ఐఓ డాట్ ఐఎన్ఐ అనే ఒక్క ఫైలు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఫైలు తెరిస్తే ఏ బోర్డు, ఏ ఫ్రేమ్‌వర్క్, ఏ లైబ్రరీలు, సీరియల్ స్పీడు ఎంత అన్నీ ఒకే పేజీలో కనపడతాయి. 'పీఐఓ రన్' కొట్టగానే కావాల్సినవన్నీ అదే తెచ్చుకుంటుంది, కంపైలర్‌తో సహా. లైబ్రరీలు ఏ ప్రాజెక్టువి ఆ ప్రాజెక్టులోనే ఉంటాయి. ఒకే కోడ్‌ను రెండు మూడు బోర్డులకు బిల్డ్ చేయాలంటే అదే ఫైలులో రెండు మూడు ఎన్విరాన్‌మెంట్లు రాస్తే సరి. 'పీఐఓ టెస్ట్'తో బోర్డు లేకుండా మీ కంప్యూటర్ మీదే లాజిక్‌ను పరీక్షించుకోవచ్చు.

ప్యాకేజీ పని అంతా 'పీఐఓ పీకేజీ' కింద ఉంటుంది: ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్, లిస్ట్, అవుట్‌డేటెడ్, అప్‌డేట్. ఇది 2022లో 6.0తో వచ్చింది. అంతకు ముందు రాసిన పాఠాల్లో 'పీఐఓ లిబ్ ఇన్‌స్టాల్' అని కనపడుతుంది, అది పాత దారి. 'పీఐఓ పీకేజీ అవుట్‌డేటెడ్' నాకు చాలా ఉపయోగపడే కమాండ్. ఏది పాతబడిందో చెప్తుంది, కానీ దేన్నీ ముట్టుకోదు.

అయితే ఈ ఒక్క ఫైలులోనే జాగ్రత్త పడాల్సిన చోట్లు మూడున్నాయి.

ప్లాట్‌ఫామ్ లైన్‌లో 'ఎస్ప్రెసిఫ్32' అని మాత్రమే రాసి వదిలేస్తే, మీ మెషీన్‌లో ఉన్న వెర్షన్ ఒకటి, కొత్త మెషీన్‌లోకి దిగేది ఇంకొకటి అవుతుంది. దాని పక్కన ఎట్ గుర్తు (@) పెట్టి వెర్షన్ నంబరు రాయాలి. ఆ ఒక్క నంబరుతో కంపైలర్, కోర్ చాలావరకు కట్టుబడతాయి.

రెండోది, కమాండ్‌తో లైబ్రరీ చేరిస్తే వెర్షన్ ముందు టోపీ గుర్తు (^) చేరుతుంది. ఆ గుర్తుకు అర్థం 'మేజర్ నంబరు మారనంతవరకు కొత్తది వచ్చినా పర్వాలేదు' అని. హాబీ ప్రాజెక్టుకు మంచిదే. కస్టమర్ చేతిలో ఉన్న డివైజ్‌కైతే ఆ గుర్తు తీసేసి ఖచ్చితమైన నంబరు ఉంచండి. మీరు రాసిన లైబ్రరీ తన కోసం తెచ్చుకునే లైబ్రరీల నంబర్లు ఈ ఫైలులో కనపడవు కాబట్టి, ముఖ్యమైన వాటిని మీరే పైకి తెచ్చి రాసుకోవాలి. పట్టికలో 'మధ్యస్తం' అన్నది ఇందుకే.

మూడోది అన్నిటికన్నా పెద్దది, ఈఎస్‌పీ32 వాడేవారికి మాత్రమే సంబంధించినది. ఎస్ప్రెసిఫ్‌కూ ప్లాట్‌ఫామ్‌ఐఓకూ మధ్య సహకారం ఆగిపోవడంతో, ప్లాట్‌ఫామ్‌ఐఓ అధికారిక ఈఎస్‌పీ32 ప్యాకేజీలో ఆర్డుయినో కోర్ 2 దగ్గరే నిలిచిపోయింది. కోర్ 3 అందులోకి రాలేదు. సీ6 లాంటి కొత్త చిప్‌ను ఆర్డుయినో పద్ధతిలో వాడాలంటే 'పీఐఓఆర్డుయినో' అనే కమ్యూనిటీ ఫోర్క్ (వాడేవాళ్లే విడిగా నడుపుకునే కాపీ) వైపు వెళ్లాలి. దాని జిప్ లింకును ప్లాట్‌ఫామ్ లైన్‌లో పెడితే సరిపోతుంది, బాగానే పనిచేస్తుంది. కానీ 'స్టేబుల్' అనే లింకు పెట్టొద్దు. ఆ లింకు అదే ఉంటుంది, దాని వెనక ఉన్న ప్యాకేజీ మాత్రం మారుతూ ఉంటుంది. నంబరుతో ఉన్న రిలీజ్ లింకే పెట్టండి.

ఈ ఫోర్క్ మీద వ్యాపారం నిలబెట్టవచ్చా అంటే నా సమాధానం ఇది: పాత ఈఎస్‌పీ32, ఎస్3, సీ3 చిప్‌లతో కోర్ 2 మీద హాయిగా నడుస్తున్నవాళ్లు కదలక్కర్లేదు. కొత్త చిప్‌తో కొత్త ప్రాడక్ట్ మొదలుపెట్టేవాళ్లు మాత్రం నేరుగా ఐడీఎఫ్‌కు వెళ్లడం మేలు.

డిస్క్ గురించి ఒక మాట. వెర్షన్లు మారే కొద్దీ పాత టూల్‌చైన్‌లు హోమ్ ఫోల్డర్‌లోని ప్లాట్‌ఫామ్‌ఐఓ డైరెక్టరీలో పేరుకుపోతాయి. 'పీఐఓ సిస్టమ్ ప్రూన్' వాడని ప్యాకేజీలను ఏరేస్తుంది. వాడకం సమాచారం బయటికి పంపడం ఇష్టం లేకపోతే 'పీఐఓ సెట్టింగ్స్ సెట్' ద్వారా టెలిమెట్రీ ఆపేయొచ్చు.

## ఈఎస్‌పీ-ఐడీఎఫ్

చిప్ తయారుచేసే ఎస్ప్రెసిఫ్ స్వయంగా ఇచ్చే ఎస్‌డీకే. కొత్త చిప్ వచ్చినా, సెక్యూరిటీ లోపం సరిచేసినా ముందు ఇక్కడికే వస్తుంది. ఆర్డుయినో కోర్ కూడా దీని మీదే కట్టింది. 'ఐడీఎఫ్ డాట్ పై' అనే ఒక్క కమాండ్ చుట్టూ పని నడుస్తుంది: 'సెట్-టార్గెట్'తో చిప్ చెప్పడం, 'మెనూకాన్ఫిగ్'తో సెట్టింగులు, 'బిల్డ్', 'ఫ్లాష్', 'మానిటర్'. చివరి రెండూ కలిపి ఒకేసారి ఇవ్వొచ్చు. మానిటర్ నుంచి బయటికి రావడానికి కంట్రోల్ పట్టుకుని కుడివైపు స్క్వేర్ బ్రాకెట్ నొక్కాలి. ఎక్కడైనా 'మేక్ మెనూకాన్ఫిగ్' అని కనపడితే అది పాత పాఠం. వెర్షన్ 5 నుంచి ఆ పద్ధతి పూర్తిగా తీసేశారు.

ఐడీఎఫ్‌లో వెర్షన్ల సంగతి రెండు భాగాలు. కాంపొనెంట్ల (ఐడీఎఫ్‌లో లైబ్రరీలను ఇలా అంటారు) విషయంలో ఇది చాలా శుభ్రంగా ఉంటుంది. 'ఐడీఎఫ్ డాట్ పై యాడ్-డిపెండెన్సీ' అంటే మీకు కావాల్సిన కాంపొనెంట్ యామల్ ఫైలులో చేరుతుంది. తర్వాత బిల్డ్ చేసినప్పుడు డిపెండెన్సీస్ డాట్ లాక్ అనే ఫైలు పుడుతుంది. ఏ కాంపొనెంట్, ఏ వెర్షన్, దాని హాష్ ఏమిటి అన్నీ అందులో ఉంటాయి, లోపలి డిపెండెన్సీలతో సహా. ఆ లాక్ ఫైలును గిట్‌లో పెట్టండి. డౌన్‌లోడ్ అయిన మేనేజ్డ్ కాంపొనెంట్స్ ఫోల్డర్‌ను పెట్టక్కర్లేదు.

ఎస్‌డీకే మాత్రం ప్రాజెక్టుకు బయట, మీ మెషీన్‌లో ఉంటుంది. ప్రాజెక్టు దాన్ని తనంతట తాను తెచ్చుకోదు. ప్లాట్‌ఫామ్‌ఐఓ నుంచి వచ్చినవారికి ఇదే వింతగా ఉంటుంది. నేను పాటించే పద్ధతి ఏమిటంటే, వెర్షన్‌కు ఒక ఫోల్డర్. 5.1కి ఒకటి, 5.3కి ఒకటి. గిట్ క్లోన్ చేసేటప్పుడే ట్యాగ్ పేరు ఇచ్చి, సబ్‌మాడ్యూళ్లతో సహా తెచ్చుకోవాలి. ఒకే ఫోల్డర్‌లో వెర్షన్లు మార్చుకుంటూ పోతే, సబ్‌మాడ్యూళ్లు అప్‌డేట్ చేయడం మరిచిన ప్రతిసారీ అర్థంకాని ఎర్రర్లు వస్తాయి. ప్రతి ఫోల్డర్‌లో ఒకసారి ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ నడపాలి. కొత్త టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ ఎక్స్‌పోర్ట్ స్క్రిప్ట్ నడపాలి. ఏ టెర్మినల్‌లో ఏది ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ టెర్మినల్ ఆ వెర్షన్‌దే. టీమ్‌గా పనిచేస్తుంటే ఎస్ప్రెసిఫ్ ఇచ్చే డాకర్ ఇమేజ్ వాడటం ఇంకా తేలిక. ఇమేజ్ ట్యాగే మీ ఎస్‌డీకే వెర్షన్ అవుతుంది.

సిస్టమ్‌లో పైథాన్ వెర్షన్ మారితే ఎక్స్‌పోర్ట్ స్క్రిప్ట్ ఆగిపోతుంది. ఉబుంటు అప్‌గ్రేడ్ తర్వాత చాలామందికి ఇదే జరుగుతుంది. కంగారు పడక్కర్లేదు, ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ మళ్లీ నడిపితే కొత్త పైథాన్ ఎన్విరాన్‌మెంట్ తయారవుతుంది. పాత వెర్షన్ల టూల్స్ డిస్క్ నింపేస్తుంటే 'ఐడీఎఫ్ టూల్స్ డాట్ పై అన్‌ఇన్‌స్టాల్' ఇప్పటి వెర్షన్ వాడనివి తీసేస్తుంది. వేరే ఫోల్డర్‌లోని పాత ఐడీఎఫ్ వాడేవి కూడా అందులో ఉండొచ్చు, ఒకసారి చూసుకుని చేయండి.

ఇంకొకటి. 'సెట్-టార్గెట్' కొడితే పాత ఎస్‌డీకే-కాన్ఫిగ్ ఫైలు పక్కకు జరిగి కొత్తది తయారవుతుంది. మెనూలో గంటసేపు కూర్చుని మార్చిన సెట్టింగులు పోయినట్టు కనపడతాయి. అందుకే 'సేవ్-డెఫ్‌కాన్ఫిగ్'తో మీ మార్పులను మాత్రమే ఎస్‌డీకే-కాన్ఫిగ్ డాట్ డిఫాల్ట్స్ ఫైలులోకి తీసి గిట్‌లో పెట్టుకోవాలి. ఆ చిన్న ఫైలు చూస్తే ఈ ప్రాజెక్టు ఎక్కడెక్కడ మామూలు దారి తప్పిందో ఎవరికైనా అర్థమవుతుంది.

ప్రాడక్ట్ చేసేవారికి ఐడీఎఫ్ ఇచ్చే పెద్ద భరోసా సపోర్ట్ గడువు. ప్రతి మేజర్, మైనర్ రిలీజ్‌కూ 30 నెలల సపోర్ట్ ఉంటుందని ఎస్ప్రెసిఫ్ ముందే ప్రకటించింది. బోరు మోటారుకు పెట్టే ఆటో స్టార్టర్ డబ్బా లాంటిది ఒకసారి పొలంలో బిగిస్తే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఏ వెర్షన్ ఎప్పటిదాకా బతుకుతుందో తెలియడం అలాంటి వస్తువుకు అవసరం.

ఎవరికి కాదు? ఈఎస్‌పీ8266 నోడ్‌ఎంసీయూ చేతిలో ఉన్నవారికి కాదు, ఐడీఎఫ్ ఆ చిప్‌కు పనిచేయదు. విండోస్ వాడేవారు ఐడీఎఫ్ ఫోల్డర్, ప్రాజెక్టు ఫోల్డర్ దారిలో ఖాళీలు లేకుండా చూసుకోవాలి. 'సాయి కృష్ణ' అని మధ్యలో ఖాళీతో విండోస్ యూజర్ పేరు పెట్టుకున్నవారి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఇది కుదరదు. సీ డ్రైవ్‌లో నేరుగా ఒక చిన్న పేరుతో ఫోల్డర్ పెట్టుకుంటే సరిపోతుంది.

## జెఫిర్, వెస్ట్

జెఫిర్ 2016 నుంచి లైనక్స్ ఫౌండేషన్ నీడలో ఉన్న ఆర్‌టీఓఎస్ (రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్). దాన్ని నడిపే కమాండ్ 'వెస్ట్'. వెర్షన్ పట్టు విషయంలో ఈ నాలుగింటిలో నేను ముందు నిలబెట్టేది దీన్నే. వెస్ట్ డాట్ యామల్ అనే మానిఫెస్ట్‌లో జెఫిర్ ఏ కమిట్, ఏ చిప్ డ్రైవర్ ఏ కమిట్ అని అన్నీ రాసి ఉంటాయి. 'వెస్ట్ అప్‌డేట్' కొడితే అన్ని గిట్ రిపోలూ ఆ కమిట్‌లకు వచ్చి నిలుస్తాయి. రిలీజ్ చేసే రోజు 'వెస్ట్ మానిఫెస్ట్ ఫ్రీజ్' కొడితే బ్రాంచ్ పేర్లన్నీ ఖచ్చితమైన కమిట్ నంబర్లుగా మారిన మానిఫెస్ట్ చేతికొస్తుంది. దాన్ని దాచుకుంటే చాలు.

దీనికి చెల్లించే ధర కూడా తక్కువేం కాదు. మొత్తం వర్క్‌స్పేస్, ఎస్‌డీకే కలిపితే పది జీబీ దగ్గరికి సులభంగా చేరుతుంది. మానిఫెస్ట్‌లో మీకు కావాల్సిన మాడ్యూళ్లనే అనుమతించి, 'నారో' ఆప్షన్‌తో అప్‌డేట్ చేస్తే చాలా తగ్గుతుంది. ఈఎస్‌పీ32లో వైఫై కావాలంటే ఎస్ప్రెసిఫ్ బైనరీలను 'వెస్ట్ బ్లాబ్స్ ఫెచ్'తో విడిగా తెచ్చుకోవాలి. డివైస్‌ట్రీ (హార్డ్‌వేర్‌ను వర్ణించే ఫైళ్లు), కేకాన్ఫిగ్ (సెట్టింగుల పద్ధతి) రెండూ నేర్చుకోవాలి, వాటికి వారాలు పడుతుంది.

ఈఎస్‌పీ32 ఒక్కటే వాడేవారికి ఇది అక్కర్లేదని నా అభిప్రాయం. నార్డిక్ బ్లూటూత్ చిప్‌లు వాడేవారికైతే ఎంపిక ప్రశ్నే లేదు, నార్డిక్ ఇచ్చే ఎస్‌డీకే జెఫిర్ మీదే కట్టింది. ఒకే ప్రాడక్ట్‌ను రెండు మూడు కంపెనీల చిప్‌లతో చేయాలనుకునే సంస్థలకూ ఇది సరైనది.

## మీరు ఎవరు?

రెండో సంవత్సరం ఈసీఈ విద్యార్థి, మినీ ప్రాజెక్టు. ప్లాట్‌ఫామ్‌ఐఓ, ఆర్డుయినో ఫ్రేమ్‌వర్క్‌తో. నలుగురి టీమ్‌లో నలుగురి లాప్‌టాప్‌లలో ఒకే బిల్డ్ రావడం డెమో ముందు రోజు ఎంత టెన్షన్ తగ్గిస్తుందో చెప్పలేను. ప్లాట్‌ఫామ్ వెర్షన్ నంబరు రాయడం మాత్రం మరవద్దు.

ల్యాబ్ నడిపే లెక్చరర్. ఆర్డుయినో సీఎల్ఐ. పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైలు, అడ్మిన్ హక్కులు అడగదు. ఒక మెషీన్‌లో కోర్ ఇన్‌స్టాల్ చేసి, ఆ డేటా ఫోల్డర్‌నే ఒకే రకం ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న మిగతా మెషీన్లకు కాపీ చేస్తే కాలేజీ ఇంటర్నెట్ మీద ముప్పై డౌన్‌లోడ్లు తప్పుతాయి. సెమిస్టర్ మధ్యలో ఎవరూ అప్‌గ్రేడ్ చేయకుండా చూడండి.

ఎంబెడెడ్ ఉద్యోగం కోసం సిద్ధమవుతున్నవారు. ముందు ఐడీఎఫ్, తర్వాత జెఫిర్. ఆర్డుయినో దగ్గరే ఆగిపోతే ఆర్‌టీఓఎస్ టాస్కులు, లింకర్, మెమరీ మ్యాప్ కంటికి కనపడవు, ఇంటర్వ్యూలో అడిగేవి అవే. 'ఐడీఎఫ్ డాట్ పై సైజ్' కొట్టి ఫ్లాష్, ర్యామ్ ఎక్కడెక్కడ ఖర్చవుతున్నాయో చదవడం అలవాటు చేసుకోండి.

చిన్న కంపెనీ, ఈఎస్‌పీ32 ప్రాడక్ట్. ఐడీఎఫ్. ఇప్పటికే ఆర్డుయినో లైబ్రరీల మీద కోడ్ చాలా ఉంటే అంతా పారేయనక్కర్లేదు. ఆర్డుయినో కోర్‌ను ఐడీఎఫ్ ప్రాజెక్టులో ఒక కాంపొనెంట్‌గా చేర్చుకోవచ్చు. మెనూకాన్ఫిగ్ మీ చేతికి వస్తుంది, పాత కోడ్ నడుస్తూనే ఉంటుంది, ఒక్కో ముక్కా నెమ్మదిగా మార్చుకోవచ్చు. ఈ దారికి ఒక షరతు ఉంది: ఆర్డుయినో కాంపొనెంట్ వెర్షన్‌కూ ఐడీఎఫ్ వెర్షన్‌కూ పొత్తు కుదరాలి. కోర్ 3.0 ఐడీఎఫ్ 5.1 మీద కట్టింది. రెండిట్లో ఏది మార్చినా రెండోది చూసుకోవాలి.

ఇంట్లో లైట్లు, సెన్సర్లు మాత్రమే. ఈ నాలుగూ వద్దు. ఈఎస్‌పీహోమ్ చాలు. యామల్ ఫైలు రాసి 'ఈఎస్‌పీహోమ్ రన్' అంటే ఫర్మ్‌వేర్ అదే తయారుచేసి ఎక్కిస్తుంది.

## ఏది ఎంచుకున్నా తగిలే చిక్కు: పోర్టు

ఫ్లాష్ కానప్పుడు చాలామంది టూల్‌ను తప్పుపట్టి ఇంకో టూల్‌కు మారిపోతారు. సగం సందర్భాల్లో తప్పు టూల్‌ది కాదు. మారే ముందు ఈ వరుసలో చూడండి.

మొదట కేబుల్. ఫోన్ చార్జర్లతో వచ్చే కొన్ని కేబుళ్లలో డేటా వైర్లే ఉండవు. బోర్డు మీద పవర్ లైట్ వెలుగుతుంది, పోర్టు మాత్రం కనపడదు. తర్వాత యూఎస్‌బీ చిప్. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, మామూలు ఈఎస్‌పీ32 బోర్డుల మీద ఎక్కువగా సీహెచ్340 గానీ సీపీ2102 గానీ ఉంటుంది. విండోస్‌లో దానికి డ్రైవర్ పడిందో లేదో డివైస్ మేనేజర్‌లో చూడండి.

ఉబుంటులో అయితే మీ యూజర్ 'డయల్‌అవుట్' గ్రూపులో ఉండాలి. గ్రూపులో చేర్చిన తర్వాత లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి, లేకపోతే మార్పు పట్టదు. సుడో పెట్టి ఫ్లాష్ చేయడం అలవాటు చేసుకోకండి. బిల్డ్ ఫోల్డర్‌లో రూట్ పేరు మీద ఫైళ్లు మిగిలిపోయి, తర్వాత మామూలుగా బిల్డ్ చేస్తే పర్మిషన్ ఎర్రర్లు వస్తాయి. ఉబుంటు 22.04లో సీహెచ్340 బోర్డు గుచ్చగానే పోర్టు ఒక్క క్షణం కనపడి మాయమైతే, కారణం బీఆర్ఎల్‌టీటీవై. అంధులు వాడే బ్రెయిలీ డిస్‌ప్లే పరికరాల కోసం ఉన్న ఆ ప్రోగ్రామ్, ఈ చిప్ ఐడీ చూసి తన పరికరమే అనుకుని పోర్టును పట్టుకుంటుంది. మీ ఇంట్లో, ల్యాబ్‌లో అలాంటి డిస్‌ప్లే ఎవరూ వాడకపోతేనే దాన్ని తీసేయండి.

పోర్టు కనపడుతోంది గానీ 'కనెక్టింగ్' దగ్గర చుక్కలు పడుతూ ఆగిపోతోందంటే, వేరే టెర్మినల్‌లో సీరియల్ మానిటర్ తెరిచి ఉందేమో చూసి మూసేయండి. అదీ కాకపోతే చుక్కలు మొదలవగానే బోర్డు మీద బూట్ బటన్ నొక్కి పట్టుకుని, రాయడం మొదలయ్యాక వదలండి.